మామిడిపండు, కుర్చీ, నాణెం

హౌరాలో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ టికియాపారా. పట్టాల పక్కన లోకల్ బండ్ల కార్ షెడ్, దాటగానే ఇరుకు సందులు. ఇదే లైను మీద ఉన్న ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, బజారులో బెంగాలీ. ఈ లైను మీది తెలుగు రైల్వే మనిషికి మూడు భాషలూ రోజూ కావాలి.

అలాంటి కుటుంబమొకటి టికియాపారా సందుల్లో ఉంటోందని, అందులో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నారని అనుకుందాం. చదువు మూడో తరగతితో ఆగింది. "మామయ్యగారు అడిగిందే మళ్లీ అడుగుతున్నారండీ, మొన్న సొంత సందు కూడా పోల్చుకోలేకపోయారు" అంటూ కోడలు ఆసుపత్రికి తీసుకొచ్చింది. డాక్టరు హిందీలో తేదీ అడిగారు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. పెన్ను ఇచ్చి ఒక వాక్యం రాయమన్నారు. పెద్దాయన పెన్ను పట్టుకుని కోడలి ముఖంలోకి చూశారు. మార్కులు తగ్గాయి. అందులో మతిమరుపు వల్ల పోయినవెన్ని, చదువు తక్కువ కావడం వల్ల పోయినవెన్ని?

డాక్టరు పెట్టిన ఈ మతిమరుపు పరీక్షకు మూలం 1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సూజన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ తయారుచేసిన ముప్పై మార్కుల ప్రశ్నావళి. పది నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ప్రపంచమంతా పాకింది. చదవడం, రాయడం, బొమ్మ గీయడం వచ్చినవాళ్లకు అది బాగానే నప్పింది.

హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మాత్రం నప్పలేదు. అక్కడి వృద్ధుల్లో ఎక్కువమందికి అక్షరం రాదు. అందుకే మేరీ గంగూలీ బృందం ప్రశ్నలను ఆ ఊరి జీవితానికి తగ్గట్టు మార్చి, 1995లో హిందీ రూపాన్ని ప్రచురించింది. వందలోంచి ఏడు పోయి ఇరవైలోంచి మూడు వచ్చింది. కాగితం మీది ఆజ్ఞ చదివి పాటించే బదులు, ఎదుటి మనిషి చేసినట్టే చేయడం వచ్చింది. గుర్తుపెట్టుకోవలసిన మూడు మాటలు మామిడిపండు, కుర్చీ, నాణెం అయ్యాయి. ఈ మూడూ ఎరగని గడప లేదు. కాసేపయ్యాక అవి గుర్తు రాకపోతే తప్పు చదువు మీదకు నెట్టడం కష్టం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. జీవితమంతా లెక్కలు చెప్పిన మాస్టారు, జబ్బు మొదలైన తర్వాత కూడా మంచి మార్కులతో గట్టెక్కేయవచ్చు. ఇలాంటి తొలి దశను పట్టుకోవడానికే జియాద్ నస్రెద్దీన్ మాంట్రియల్ పరీక్ష అనే మరో ప్రశ్నావళిని 2005లో ప్రచురించారు. పన్నెండేళ్లు, అంతకు తక్కువ చదివినవారికి అందులో ఒక మార్కు కలుపుతారు. పెన్సిలే పట్టని మనిషిని ఘనం బొమ్మ గీయమన్నాక ఆ ఒక్క మార్కు ఏ మూలకు?

చదువు, భాష మతిమరుపు మీద చూపే ప్రభావాన్ని మన దగ్గర గట్టిగా పరిశీలించిన చోట్లలో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి ఒకటి. సువర్ణ అల్లాడి బృందం అక్కడ 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు, అంతకు మించి వచ్చినవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువు రానివారిలోనూ ఈ తేడా ఉంది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళాల్లో పరీక్షల సంపుటిని సిద్ధం చేయించింది. మన పెద్దాయన మూడు భాషలూ ఆ అయిదింటిలో ఉన్నాయి. ఏ భాషలో అడగమంటారో ముందు ఆయన్నే అడగాలి.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. అందరినీ స్కానింగ్‌కు పంపలేం. ఓపీలో ఆ పది నిమిషాల పరీక్షే దిక్కు. అయితే తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు. చెవుడు, దిగులు, థైరాయిడ్, బి12 లోపం, వాడే మందులు కూడా మార్కులు తగ్గిస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

ఇంట్లో పెద్దవాళ్లు మారుతున్నారనిపిస్తే "వయసు మీద పడింది, చాదస్తం" అని వదిలేయకండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కళ్లజోడు, చెవి మిషను, వాడుతున్న మందుల అట్టలు పట్టుకెళ్లండి. రోజూ వాళ్లతో ఉండే మనిషి వెంట వెళ్లాలి. ఎంతవరకు చదివారో డాక్టరుకు చెప్పండి. వాళ్లు డబ్బులు ఏ భాషలో లెక్కపెట్టుకుంటారో ఆ భాషలోనే ప్రశ్నలు అడగమని కోరండి.