లెంకల కొలువు

పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతీయ గణపతిదేవుడి సేనాని. 1213 నాటి శాసనం ఆ సంగతిని ఇప్పటికీ చెబుతోంది. కాకతీయ ప్రభువుల వెన్నంటి ఉన్న లెంకలది మరో కొలువు. నాయంకర పద్ధతిలో నాయకులు తమ బలగాలతో యుద్ధానికి తరలివచ్చేవారు. లెంకలు మాత్రం ఏలిక కోసం ప్రాణమిస్తామని మాటిచ్చిన అంగరక్షకులు.

సైనికుడి గొప్పతనం గెలిచిన పోరులో కనబడుతుంది. అంగరక్షకుడి పనితనమంతా ఏ ముప్పూ రాకుండా చూడటంలోనే ఉంది. సభంతా రాజు ముఖం చూస్తుంటే, అంగరక్షకుడి చూపు దగ్గరికొచ్చేవాళ్ల చేతుల మీద ఉండాలి. విందులో ఆకలిని, పండగ రాత్రి నిద్రను చంపుకోవాలి. కత్తి దూసే పని పడని రోజే అతను బాగా పనిచేసిన రోజు. అలాంటి నేర్పుకు చప్పట్లు దొరకవు. మనమైనా జేజేలు పలకాలి.