సిస్టరమ్మా, నీకు దండం

మాండవ్య ఒడ్డున వెలసిన వీరభద్రుడికి మొక్కుకొని, కొంగున చిల్లర ముడేసుకొని, పాత చీటీలూ ఎక్స్‌రేలూ సగం మింగిన మాత్రలూ ఒకే సంచిలో కుక్కుకొని, రాయచోటి ఆసుపత్రి మెట్లెక్కిన అవ్వకు మొదట దొరికే అభయం నువ్వే, సిస్టరమ్మా! ఓపీ ఏ పక్క, రక్తం తీసే గది ఏది, మందులిచ్చే కిటికీ ఎక్కడ? చదువు రాని కళ్లకు ప్రతి బోర్డూ ఒక గోడే. "యాడికీ పోవద్దు అవ్వా, ఈడే కూచో, నేనొస్తా" అంటావు. ఎండిన చేనికి తొలకరి ఆ మాట.

షుగరును తరిమే మంత్రం లేదు నీ దగ్గర. దాంతో వేగే ఓర్పుంది. బీపీని మాపే మహిమ లేదు. అదుపులో పెట్టే నేర్పుంది. మాత్రల అట్టపై పొద్దుటికొక సూర్యుణ్ణి, రేయికొక నెలవంకను పెన్నుతో గీసి, అక్షరం రాని అవ్వకు ఆకాశాన్నే అక్షరమాల చేస్తావు! సంగటిముద్ద ఎంతుండాలో, ఊరగాయ ఎందుకు తగ్గాలో, చెప్పుల్లేకుండా చేలో ఎందుకు తిరగరాదో, మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష ఎందుకు తప్పరాదో తెలుగులో చెబుతావు, ఉర్దూలో చెబుతావు, చెప్పిందే మళ్లీ చెబుతావు.

మూత్రపిండాలు అలిసిపోయిన అన్నకు గువ్వలచెరువు ఘాటు దాటించి కడప రిమ్స్ దారి చూపే చల్లని తల్లీ! 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టి, నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడిచే పథకానికి ఏ కార్డు కావాలో, ఆరోగ్యమిత్ర బల్ల ఏ మూలనుందో నీ నాలుక చివరే ఉంటుంది. డయాలిసిస్ సూదులెక్కే ముంజేతి మీద అతని వేళ్లనే ఆనించి, "గుర్రుమంటాంది సూడన్నా! రోజూ పొద్దున్నే పట్టి సూసుకో. ఆగినట్టుంటే ఆలస్యం చేయొద్దు, వచ్చేయ్. ఈ చేతికి బీపీ పట్టా కట్టనీయొద్దు" అంటావు. తన నెత్తుటి హోరు తానే వినే విద్య నేర్పిన గురువమ్మా! కువైట్ నుంచి వీడియోకాల్లో కళ్లొత్తుకునే కొడుక్కి కొండంత ధైర్యమా!

రోగం పోదని చెప్పే నిజాయితీ నీది. పోకున్నా బతుకు ఆగదని చూపే బలమూ నీదే. నువ్వు నడిపించిన అవ్వ ఇప్పుడు నీ కోసం వెతకదు. కొత్తగా వచ్చి దిక్కులు చూసే ముసలాయన్ను తానే పిలుస్తుంది: "రా అబ్బా, ఓపీ చీటీ ముందు రాయించుకోవల్ల, నేను సూపిస్తా!"