సీసం గీతల మధ్య వెలుగు

మొగల్తూరులో అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి. అల్లికలో దారానికి ఎంత విలువో ఖాళీకీ అంతే. మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీల ముందు నిలబడితే ఆ అరుగులే గుర్తొచ్చాయి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం మూడు కిటికీల్లో వెలుగుతాయి. పొద్దుగూకితే మూడూ నల్ల పలకలే!

ఈ పనితనం ఎంత పాతదో చూడాలంటే ఇంగ్లండులోని కాంటర్‌బరీ కెథీడ్రల్‌కి వెళ్లాలి. 1170లో హత్యకు గురైన ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్ సమాధి దగ్గర జరిగాయని జనం చెప్పుకున్న మహిమలు అక్కడి 13వ శతాబ్దపు కిటికీల్లో ఉన్నాయి. నాకు నచ్చింది పిచ్చి హెన్రీ కథ. ఒక గడిలో అతన్ని కట్టేసి, కర్రలతో కొడుతూ తెస్తారు. పక్క గడిలో కుదుటపడి మోకరిల్లాడు. కర్రలూ తాళ్లూ నేలమీద పడి ఉన్నాయి. ఆ పడేసిన కర్రల్లోనే కథంతా చెప్పేశాడు పనివాడు.

ఆ గాజులో నీలానికి కోబాల్టు, ఎరుపుకు రాగి. రాగి ఎరుపు చిక్కనైతే వెలుగు దూరదు. అందుకే దాన్ని తెల్లగాజు మీద పల్చని పొరగా ఎక్కించేవారు. కాల్చిన ఇనుముతో గాజును చీల్చి, అంచులు కొరికి, కళ్లూ బట్టల మడతలూ ముదురు రంగుతో గీసి కొలిమిలో కాల్చేవారు. ఆపైన ముక్కల్ని సీసపు పట్టీల్లో ఇమిడ్చి, కూడళ్లలో తగరంతో అతికేవారు. మెత్తని సీసం చెప్పినట్టు వంగుతుంది. ముక్కల్ని పట్టి ఉంచేదీ అదే, బొమ్మకు గీత అయ్యేదీ అదే. మా వీధి ఆడవాళ్లు చూస్తే, ముందు ఆ అతుకుల్నే తడిమి చూసేవారు.