శూన్యం చేసే పనితనం

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నర్సాపురం. రాజోలు వైపు జనం చదువులకీ, బేరాలకీ, రైలుకీ ఆ ఒడ్డుకు వెళ్లడం పాత అలవాటు. ఆ ఊరి టేలర్ హైస్కూల్లో చదువుకున్న భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. ఆ పేరు వినగానే ఏటికి ఇవతల వాళ్లకు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి తలపుకొస్తాడు. సన్యాసం తీసుకున్నాక ఆయన స్వామి జ్ఞానానంద. లోకానికి తెలిసింది ఆ పేరుతోనే.

హిమాలయాల్లో యోగసాధన చేసి, ఆ తర్వాత అణుభౌతిక శాస్త్రంలో ఆచార్యుడైన మనిషి అని ఆయన్ని పరిచయం చేస్తుంటారు. నిజమే, వింతైన జీవితమే. ఆ వింత దగ్గరే ఆగిపోవడం వల్ల ఆయన పనితనం మరుగున పడిందని నా బాధ. 1927లో జర్మనీ వెళ్లారు. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ఆయన్ని భౌతికశాస్త్రం వైపు లాగింది. ముప్పై దాటిన వయసులో, కాషాయం కట్టిన మనిషి, మళ్లీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్నారు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద, యుద్ధకాలంలో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పరిశోధించి రెండు చోట్లా డాక్టరేట్లు అందుకున్నారు. కొంతకాలం అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉండి, 1947లో దేశానికి తిరిగొచ్చారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాక, 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1969లో కన్నుమూశారు.

ఎక్స్‌రేలు, బీటా కిరణాలు వేరువేరు సంగతుల్లా కనిపిస్తాయి. రెండింటికీ కింద ఉన్న పని మాత్రం ఒక్కటే: గాలిని తీసేయడం. ఆ పని మీద ఆయన ఇంగ్లీషులో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. పేరు ‘హై వాక్యువా’. శూన్యాన్ని ఎలా పుట్టించాలి, పుట్టిందని ఎలా కొలవాలి అన్నది దాని విషయం. 1947లో న్యూయార్క్‌లోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ దాన్ని ప్రచురించింది.

పరమాణువులో ఎలక్ట్రాన్లు అంతస్తులుగా ఉంటాయని మనం స్కూల్లో చదువుకుంటాం. ఆ అంతస్తుల మధ్య దూరాలను తేల్చింది ఎక్స్‌రే వర్ణపటమే. లోపలి అంతస్తు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తన్ని తగలేస్తే, పైది ఆ ఖాళీలోకి దిగుతుంది. దిగేటప్పుడు ఫలానా పొడవున్న తరంగాన్నే వదులుతుంది. రాగికి ఒక పొడవు, ఇనుముకు మరొకటి. 1913లో మోస్లీ అనే పాతికేళ్ల యువకుడు మూలకాల వరుసకు అసలు ఆధారం ఇదేనని చూపించాడు. ప్రాగ్‌లో జ్ఞానానంద గారికి దారి చూపిన వాచ్లవ్ డోలెయ్‌షెక్ ఈ విద్యలో ఆరితేరినవాడు. భారమైన మూలకాల వర్ణపటంలో అంతకుముందు ఎవరూ చూడని శ్రేణిని కనిపెట్టినవాడు. నాజీలు ఆయన్ని పట్టుకుపోయారు. 1945 జనవరిలో తెరెజిన్ చెరలో ప్రాణం పోయింది.

ఈ తరంగాల పొడవు సెంటీమీటరులో పది కోట్లో వంతుకు కాస్త అటూఇటూ. అంత చిన్నవాటిని కొలిచే గీతలు మనిషి గీయలేడు. కాల్సైట్ లాంటి స్ఫటికంలో ప్రకృతే పేర్చిన పరమాణు పొరలను కొలబద్దగా వాడుకోవాలి. గది వేడెక్కితే స్ఫటికం వ్యాకోచిస్తుంది; కొలబద్దే సాగిపోతుంది. అందుకే ఆ రోజుల్లో కాల్సైట్ పొరల దూరాన్ని 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇంత అని కట్టేసి పెట్టుకున్నారు. అయిదారు అంకెల దాకా నమ్మదగిన జవాబు కావాలంటే స్ఫటికం తిరిగే ఇరుసూ, కోణం చదివే చక్రమూ, గది చలీ వేడీ అన్నీ అదుపులో ఉండాలి. మెత్తటి ఎక్స్‌రేలనైతే గాలి దారిలోనే మింగేస్తుంది. కనుక పరికరమంతటినీ శూన్యంలో పెట్టక తప్పదు.

శూన్యం అనగానే ఏమీ చేయనక్కర్లేని స్థితి అనుకుంటాం. నిజానికి మనిషి చేతులు చేసే పనుల్లో అంత శ్రమతో కూడినవి తక్కువ. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. అంతర్వేది రథోత్సవం నాటి రాత్రి గుడి వీధిలో అడుగు తీసి అడుగు వేస్తే ఎవరో ఒకరు తగిలినట్టు, గాలిలో ప్రతి అణువూ మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా పోకుండానే మరొకదాన్ని ఢీకొంటుంది. ఇందులో ఎలక్ట్రాన్‌ను పంపి, అది ఎంత ఊపుతో బయలుదేరిందో అవతలి ఒడ్డున కొలవాలంటే కుదిరే పని కాదు.

ముందు నూనెలో తిరిగే రోటరీ పంపు గాలిని బయటికి తోస్తుంది. కొంతదూరం వెళ్లాక దాని చేతికి ఏమీ చిక్కదు. అప్పుడు డిఫ్యూజన్ పంపు. అడుగున పాదరసమో నూనో మరుగుతుంటుంది. ఆవిరి పైకి లేచి, మూత తగిలి, జోరుగా కిందికి చిమ్ముతుంది. దారి తప్పి అందులో పడిన గాలి అణువులను కిందికి తరిమేస్తుంది. ఇక్కడే ఒక చిక్కు. పాదరసం మామూలు గది వేడికే ఆవిరవుతుంది. గాలిని తరిమిన ఆ పాదరసమే వెనక్కి మళ్లి పాత్ర నింపుతుంది. దాన్ని ఆపడానికి మధ్యలో ద్రవగాలితో గడ్డకట్టించే గొట్టం బిగించాలి. ఆపైన గాజు గోడల సంగతి. గాజును పట్టుకుని నీటి పొర ఉంటుంది. అది రోజుల తరబడి కొద్దికొద్దిగా ఆవిరి వదులుతూనే ఉంటుంది. పంపు నడుస్తుండగానే పాత్రను మూడు నాలుగు వందల డిగ్రీల వేడిలో గంటల తరబడి కాల్చాలి. లోపలి భాగం మీద ఒక్క వేలిముద్ర పడినా ఆ జిడ్డు చాలు, పనంతా చెడుతుంది.

అంతా చేశాక గేజి ముల్లు దిగకపోతే ఎక్కడో లీకు ఉన్నట్టు. కంటికి కనిపించని ఆ రంధ్రం కోసం అతుకు అతుకునా ఈథరో ఆల్కహాలో పూస్తూ ముల్లు ఎక్కడ ఉలిక్కిపడుతుందో చూడాలి. దొరికాక మూసి, మళ్లీ మొదటి నుంచి. లోపల మిగిలిన పిసరంత గాలిని కొలవడానికి 1874లో మెక్లౌడ్ కనిపెట్టిన గేజిది నాకు ఎంతో నచ్చిన ఉపాయం: పలచటి గాలిని కొంత పరిమాణంలో బంధించి, పాదరసంతో వేల రెట్లు నొక్కి, చూడగలిగేంత చిక్కగా చేసి అప్పుడు చదువుతారు.

ఇన్ని పాట్లూ పడి పాదరసపు మిల్లీమీటరులో పది లక్షలో వంతు పీడనానికి చేరితే, ఘన సెంటీమీటరులో ఇంకా మూడు వేల మూడు వందల కోట్ల అణువులు మిగిలే ఉంటాయి. అయితేనేం, ఒక్కో అణువూ ఇప్పుడు ఏభై మీటర్లు ఎవరినీ తాకకుండా పోగలదు. ఎలక్ట్రాన్‌కు దారి దొరికింది.

లివర్‌పూల్‌లో ఆయన గురువు జేమ్స్ చాడ్విక్. న్యూట్రాన్‌ను కనిపెట్టి 1935లో నోబెల్ అందుకున్న మనిషి. అంతకు చాలా ముందే, 1914లో, ఇరవై రెండేళ్ల వయసులో బెర్లిన్‌లో బీటా కిరణాలను కొలుస్తూ ఒక ఇబ్బందికరమైన నిజాన్ని చూశాడు. ఆ ఏడాదే యుద్ధం వచ్చి, శత్రుదేశస్థుడని జర్మన్లు నాలుగేళ్లపాటు నిర్బంధిస్తే, ఆ శిబిరంలోనే థోరియం కలిపిన పళ్ల పేస్టు తెప్పించుకుని ప్రయోగాలు చేసిన ఘటం.

ఆ నిజం ఇది. కేంద్రకం ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతూ ఎలక్ట్రాన్‌ను విసురుతుంది; బీటా కిరణాలంటే ఆ ఎలక్ట్రాన్లే. మొదటి స్థితి శక్తి ఫలానా, రెండోదానిది ఫలానా. తేడా ఎలక్ట్రాన్‌కే దక్కాలి కదా? ప్రతిసారీ ఒకే వేగంతో రావాలి కదా? రావడం లేదు. సున్నా నుంచి ఒక గరిష్ఠం దాకా అన్ని వేగాలతోనూ వస్తున్నాయి. బయటపడ్డాక దారిలో ఎక్కడో శక్తి పోగొట్టుకుంటున్నాయేమోనని అనుమానించారు. 1927లో ఎల్లిస్, వూస్టర్ అనే ఇద్దరు రేడియం-ఇ అనే పదార్థాన్ని మందపాటి గోడల పాత్రలో పెట్టి, వెలువడిన వేడినంతా కొలిచారు. గరిష్ఠ శక్తి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు. వేడిగా తేలింది సగటున మూడున్నర లక్షల దగ్గర. మిగతాది ఎక్కడా లేదు. శక్తి నిత్యత్వ సూత్రాన్నే వదులుకోవడానికి నీల్స్ బోర్ అంతటివాడు సిద్ధపడ్డాడు. 1930 డిసెంబరులో పౌలీ మరో దారి చెప్పాడు: కంటికీ పరికరానికీ చిక్కని ఇంకో కణం ఆ మిగతా శక్తిని పట్టుకుపోతోంది. అదే న్యూట్రినో. 1956లో రైన్స్, కొవాన్ అణు రియాక్టరు పక్కన దాన్ని పట్టుకున్నారు. సూర్యుడి నుంచి మన ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు ఆరు వేల కోట్లకు పైగా న్యూట్రినోలు దూసుకుపోతున్నాయని ఇప్పుడు తెలుసు. లోకంలో ఇంత ఉరవడిగా పారుతున్నదాని ఆచూకీ మొదట దొరికింది బీటా వర్ణపటం గీతలోని ఒక వంపు వల్ల.

కాబట్టి ఆ గీత ఎంత శుభ్రంగా వస్తే అంత విలువ. జ్ఞానానంద గారు చేపట్టిన విద్య అది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ వంపు తిరుగుతుంది. జోరు ఎక్కువైతే పెద్ద వృత్తం, తక్కువైతే చిన్నది. ఒకే జోరున్నవి కాస్త అటూఇటూ కోణాల్లో బయలుదేరినా, అర్ధవృత్తం తిరిగేసరికి దాదాపు ఒకే చోటికి చేరతాయి. అక్కడ సన్నని చీలిక, దాని వెనక కణాలను లెక్కపెట్టే గొట్టం. చీలికను సన్నం చేస్తే కొలత పదునెక్కుతుంది, వచ్చే ఎలక్ట్రాన్లు తగ్గిపోతాయి. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో చేసేవాడికే తెలియాలి. రేడియోధార్మిక పదార్థం పొర దళసరిగా ఉంటే ఎలక్ట్రాన్లు పుట్టింట్లోనే శక్తి పోగొట్టుకుంటాయి. గ్రాములో పది లక్షలో వంతుల లెక్కన పలచగా పరచాలి. లెక్కపెట్టే గొట్టానికి అభ్రకపు కిటికీ. ఎలక్ట్రాన్‌ను పోనిచ్చేంత పలచన, శూన్యానికి అడ్డు నిలిచేంత గట్టి. ఇందులో ఏది కాస్త తప్పినా గీత వంకర పోతుంది, ఆ వంకర ప్రకృతిదా మన పరికరానిదా తెలియదు. మంచి పనివాడి గొప్పతనమంతా ఆ రెండో అనుమానాన్ని తొలగించడంలో ఉంది.

‘హై వాక్యువా’ వెలువడిన 1947లోనే, అదే న్యూయార్క్ నగరంలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో విల్లిస్ లాంబ్, రాబర్ట్ రెథర్‌ఫర్డ్ హైడ్రోజన్ పరమాణువులను శూన్యపాత్రలో పంపుతూ ఒక కొలత తీశారు. అప్పటి సిద్ధాంతం ప్రకారం సమానంగా ఉండాల్సిన రెండు శక్తిస్థాయిల మధ్య చిన్న ఎడం కనబడింది. దానికి కారణం ఇది: గాలి పూర్తిగా తీసేసినా, వెలుగు లేకపోయినా, ఖాళీ చోటులో విద్యుదయస్కాంత క్షేత్రం నిశ్చలంగా ఉండదు. సన్నగా అల్లాడుతూనే ఉంటుంది, పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను కదుపుతూనే ఉంటుంది. ఖాళీ చోటుకు కూడా గుణాలున్నాయని నేటి భౌతికశాస్త్రం చెప్పే మాట ఇలాంటి కొలతల మీద నిలబడింది. శూన్యం చేయడం అంత బాగా నేర్చుకోకపోతే, శూన్యంలో ఏముందో తెలిసేది కాదు.

యోగి, శూన్యం, కంటికి కనబడని కణం అనగానే మన వాళ్లకు వేదాంతంతో ముడిపెట్టాలని చెయ్యి దురద పుడుతుంది. ఆ ముడి నాకు ఇష్టం లేదు. వేదాంతం ఆయనకు ముందే తెలుసు. అది చాలనుకుంటే ప్రాగ్‌లో స్ఫటికాలు తిప్పుతూ, లివర్‌పూల్‌లో లీకులు వెతుకుతూ అన్నేళ్లు గడపనక్కర్లేదు. పదార్థం సంగతి పదార్థాన్నే అడగాలని ఆయన ఎంచుకున్నారు. ఆ ఎంపికకు మనం ఇవ్వగల గౌరవం, ఆయన కొలతలను కొలతలుగానే చూడటం.

విశాఖలో ఆయన అణుభౌతిక శాస్త్ర శాఖను నెలకొల్పి, నడిపారు. కేంద్రకాలు విడిచే కిరణాలను కొలవడం అక్కడ ఒక తరం తెలుగు విద్యార్థులకు చేతి విద్య అయింది. ఆ ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే.

చాడ్విక్ చూసిన ఆ బీటా గీతను ప్రపంచం ఇంకా వదల్లేదు. దాని చిట్టచివరి కొస ఏ ఆకారంలో నేలకు దిగుతుందన్నది న్యూట్రినో బరువు మీద ఆధారపడి ఉంటుంది. ఆ కొసను చూడటానికి జర్మనీలోని కార్ల్స్‌రూహెలో కాట్రిన్ అనే ప్రయోగం కట్టారు. దాని స్పెక్ట్రోమీటరు 23 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 200 టన్నుల బరువు. తయారైన ఊరు నాలుగు వందల కిలోమీటర్ల దూరమే, రోడ్డు మీద పట్టలేదు. 2006లో డాన్యూబ్ నదిలో పడవెక్కించి, నల్ల సముద్రం, మధ్యధరా, అట్లాంటిక్ చుట్టి, రైన్ నది ఎదురెక్కించి, ఎనిమిదిన్నర వేల కిలోమీటర్లకు పైగా తిప్పి తెచ్చారు. అంత పెద్ద పాత్రలో పీడనం బయటి గాలిలో కోటి కోట్లో వంతుకు దించారు. ఇక్కడ ఎలక్ట్రాన్‌ను వడగట్టేది విద్యుత్ అడ్డుగోడ. గోడ దాటగలిగినవాటినే లెక్కిస్తారు. 2025లో వాళ్లు ప్రకటించిన ఫలితం: న్యూట్రినో బరువు 0.45 ఎలక్ట్రాన్ వోల్టులకు మించదు, అంటే ఎలక్ట్రాన్ బరువులో పదకొండు లక్షలో వంతుకన్నా తక్కువ. సున్నా మాత్రం కాదని జపాన్‌లోని కామియోకా గనిలో 1998లోనే తేలింది. ఇంకా కిందికి దిగి చూడాలంటే, ఈ ప్రయోగంలో ఎలక్ట్రాన్లను విసిరే ట్రిటియంను జంట పరమాణువుల అణువుగా వాడటం ఇక కుదరదు. అణువు లోపలి కదలికలే కొంత శక్తిని తీసుకుని గీత కొసను మసకబారుస్తున్నాయి. విడి పరమాణువులుగా చీల్చి, చల్లార్చి, గోడలకు తగలకుండా అయస్కాంతంతో నిలిపి ఉంచాలి. ఇప్పుడు ఆ పని నేర్చుకుంటున్నారు.