మంచం పక్కన చోటు

మన పిల్లకు మెడికల్ సీటు వస్తే ఊరంతా పండుగ చేస్తాం. అసలు పరీక్ష వార్డులో మొదలవుతుంది.

ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వైవాల్లో, ప్రాక్టికల్స్‌లో వివక్ష ఎదుర్కొంటున్నారని థోరట్ కమిటీ 2007లోనే చెప్పింది. 2019లో ముంబైలో గైనకాలజీ పీజీ చదువుతున్న తడ్వీ భిల్ బిడ్డ డాక్టర్ పాయల్ తడ్వీని పోగొట్టుకున్నాం. సీనియర్ల కుల వేధింపులే కారణమని కుటుంబం ఆరోపించింది.

వైద్యం పుస్తకంతోనే రాదు, సీనియర్లు చేయనిస్తేనే చేతికొస్తుంది. రిజర్వేషన్ సీటు ఇస్తుంది గానీ రోగి మంచం పక్కన చోటు ఇవ్వదు. ఎవరు ఎన్ని కాన్పులు చేశారో లాగ్‌బుక్కుల్లో ఉంటుంది. కాలేజీలు ఆ లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

పిల్లలూ, చేయనివ్వని రోజును కూడా తారీఖు వేసి రాసుకోండి. సీటు వచ్చాక కూడా ఫోన్ చేసి అడగడం మా టీచర్ల పని.