బొంకులదిబ్బ మీద కెమెరా పెడితే

నాటక రచన పాఠాలు చదివి ఇక్కడికి వచ్చారు కనుక ఒక హెచ్చరికతో మొదలుపెడతాను. నాటకం రాయగలిగినవారికి స్క్రిప్టు సులువుగా వస్తుందని మనలో చాలామంది నమ్మకం. తెలుగులో ఇది మరీ గట్టిది. మన సినిమా టైటిళ్లలో ‘మాటలు’ అని వేరే పేరు పడుతుంది. కథ మరిచిపోయినవారు కూడా డైలాగు మరిచిపోరు. తొలి స్క్రిప్టు రాసేవారిని ఎక్కువగా చెడగొడుతున్నది ఈ నమ్మకమేనని నా అభిప్రాయం.

మన ప్రాంతపు ఉదాహరణే తీసుకుందాం. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ను గురజాడ అప్పారావు 1897లో అచ్చువేయించి, బాగా పెంచి 1909లో మళ్లీ ప్రచురించారు. ఈ రెండో కూర్పు బొంకులదిబ్బ దగ్గర గిరీశం స్వగతంతో మొదలవుతుంది. సంతసరుకులు తెస్తానని పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న 20 రూపాయలు ఖర్చుపెట్టేశాడు. ఇక ఊళ్లో నిలిచే వీలు లేదు. ఇదంతా అతనే మనకు చెప్పేస్తాడు. రంగస్థలం మీద అది చెల్లుతుంది. తెర మీద మాత్రం ఒక మనిషి నిలబడి పాఠం అప్పజెబుతున్నట్టుంటుంది. మీరైతే ఏం రాస్తారు? మడత విప్పని సంచి చంకలో పెట్టుకుని గిరీశం వస్తున్నాడు. దూరంగా పూటకూళ్లమ్మ కనబడింది. గిరీశం పక్క సందులోకి తిరిగాడు. ఒక్క మాట లేకుండానే ఏదో బాకీ ఉందని తెలిసిపోయింది.

అయితే పోగొట్టుకున్నదాన్ని కూడా ఒప్పుకోవాలి. తన తెలివి మీద గిరీశానికున్న మురిపెం ఆ సంచిలో పట్టదు. దానికి దారి గురజాడే చూపించారు. ఫొటోల బాకీకి వచ్చిన నౌకరును గిరీశం మాటలతోనే బుట్టలో వేసి పంపేస్తాడు. అక్కడ మాట ఒక పని చేస్తోంది, బాకీని వాయిదా వేస్తోంది. అటువంటి మాటను తెర కూడా మోస్తుంది. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన సినిమాను, ఎన్.టి. రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా నటించినదాన్ని, నాటకం పక్కన పెట్టుకుని చూడండి. ఏ మాట మిగిలిందో, ఏది చూపుగా మారిందో గుర్తు పెట్టుకోండి.

కొత్తవలసకు ఒకవైపు ఈ విజయనగరం ఉంటే రెండోవైపు విశాఖ. అక్కడి కంచరపాలెంలో, చాలావరకు స్థానికులనే నటులుగా పెట్టి, వెంకటేశ్ మహా 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశారు. మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, బురఖాలో వచ్చే సలీమా కళ్లు మాత్రమే చూసి ఇష్టపడతాడు. ఈ ఒక్క ఏర్పాటుతో పేజీల కొద్దీ ప్రేమ సంభాషణ అక్కర్లేకుండా పోయింది. నాలుగు కథల ముడి చివర్లో విప్పిన తీరును అందరూ మెచ్చుకుంటారు. (చూడనివారి కోసం ఆ ముడి ఏమిటో చెప్పను.) రెండోసారి చూసినప్పుడు కొన్ని దృశ్యాలు ఆ ముడి కోసమే నడిచినట్టు నాకు అనిపించింది. యాస విషయంలో మాత్రం లోటు లేదు. నవ్వించడానికే పనికివస్తుందనుకున్న ఉత్తరాంధ్ర పలుకుతో అక్కడి మనుషులు ప్రేమించారు, ఏడ్చారు.

ఇక స్క్రిప్టు రూపం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. దృశ్యం సంఖ్య, లోపలా బయటా, ఏ చోటు, పగలా రాత్రా. కింద కనబడేదీ వినబడేదీ వర్తమాన కాలంలో. పేజీకి సుమారు ఒక నిమిషం. ‘అతను బాధపడ్డాడు’ అని రాస్తే కెమెరాకు పని దొరకదు.

ఒకసారి కాంటాక్టు తరగతికి కొత్తవలస కుర్రవాడొకడు స్క్రిప్టు తెచ్చాడు. పని కోసం కొడుకు ఊరు వదులుతున్నాడు, తండ్రి రైలెక్కించడానికి స్టేషనుకు వచ్చాడు. తండ్రికి రెండు పేజీల డైలాగు, అదీ పుస్తకాల తెలుగులో. “మీ నాన్నగారు ఇలాగే మాట్లాడతారా?” అని అడిగాను. నవ్వేశాడు. “ఏటి మాస్టారూ, ఆయన అసలు మాటాడ్డు. రైలు కదిలేదాకా సంచీ నా చేతికివ్వడు, అంతే.”

ఆ రెండు పేజీలు కొట్టేసి, ఇప్పుడు చెప్పిందే రాయమన్నాను. పది వరుసలు వచ్చాయి. తరగతిలో చదువుతుంటే వెనక బెంచీలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అభ్యాసం: మీ ఊరి స్టేషనులోనో బస్టాండులోనో అరగంట కూర్చోండి. మాట లేకుండా ఒక పేజీ దృశ్యం రాయండి. తరువాత ఒకే ఒక్క మాట చేర్చండి, మీ ఇంట్లో పలికినట్టే. ఆ మాట తీసేస్తే దృశ్యానికి ఏం తగ్గిందో మూడు వాక్యాల్లో రాసి పంపండి.