వాట్ల అంకె వెనకాల

గేమింగ్ కంప్యూటర్‌లో ఎస్‌ఎంపీఎస్ పోయి కొత్తది కొందామని వెళితే, షాపులో ముందుగా అడిగేది "ఎన్ని వాట్లు కావాలి?" అని. ఆ లెక్క అయిదు నిమిషాల పని. రైజెన్ 5 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు 200. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 60 వేసుకుంటే మొత్తం 350కి అటూ ఇటూ. ఎన్విడియా మాత్రం ఈ కార్డుకు 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టుకోమంటుంది. సరైన సలహాయే. అయితే 650 అని రాసున్న రెండు పెట్టెల ధరలు ఒక్కలా ఉండవు. ఆ తేడాలో ఎక్కువ భాగం లోపలి పనితనానిదే.

ఆ పనితనం చూడాలంటే మూత తీసిన యూనిట్ ఫొటోలను కరెంటు నడిచే దారి వెంటే చూసుకుంటూ పోవాలి. మీ సొంత యూనిట్ మూత మాత్రం తీయొద్దు. ప్లగ్ పీకేశాక కూడా ప్రాణం తీసేంత చార్జి లోపల నిలిచి ఉండొచ్చు.

కరెంటు లోపలికి రాగానే ఎదురయ్యేది ఫిల్టరు: రాగి తీగలు చుట్టిన చోక్‌లు, పెట్టెల్లాంటి ఎక్స్ కెపాసిటర్లు, చిన్న బిళ్లల్లాంటి వై కెపాసిటర్లు. లోపల పుట్టే హై ఫ్రీక్వెన్సీ నాయిస్ ఇంటి వైరింగులోకి పాకకుండా ఆపడం వీటి పని. మరీ చవక యూనిట్లలో వీటికోసం బోర్డు మీద గుర్తులు వేసి ఉంటాయి, భాగాలే ఉండవు. ఆ తర్వాత బ్రిడ్జి రెక్టిఫైయర్, దాని పక్కన యాక్టివ్ పీఎఫ్‌సీ. ఈ రెండోది 230 వోల్టులను సుమారు 390 వోల్టుల డీసీగా పెంచుతుంది. లేబుల్ మీద 100–240 అని ఉంటే, ఎండాకాలం సాయంత్రం వోల్టేజి 170కి పడినా అది తన 390ని నిలబెట్టుకుంటుందన్నమాట.

ఆ 390 వోల్టులు నిలవుండేది పెద్ద కెపాసిటర్‌లో. నాకు అన్నిటికన్నా ముచ్చటైన భాగం ఇదే. మన కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. అన్నిసార్లూ ఓవర్‌హెడ్ ట్యాంకులా లోటు పూడ్చేది ఈ కెపాసిటరే. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 80 శాతం లోడు మీద గోడ కరెంటు పూర్తిగా ఆగినా 17 మిల్లీసెకన్లు నెట్టుకురావాలి. మామూలు యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి పట్టే సమయం సాధారణంగా 10 మిల్లీసెకన్లు మించదు కాబట్టి ఆట ఆగదు. ఈ కెపాసిటర్ ఒంటి మీద 105 డిగ్రీలు అని ఉందా, 85 అని ఉందా చూడండి. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు బతికేది 55 డిగ్రీల దగ్గర 64,000 గంటలు బతుకుతుంది. 85 డిగ్రీల రకమైతే అదే లెక్కన 16,000. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆడుకునేవాళ్లకు ఇది ముఖ్యమైన తేడా.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. ఇంత శక్తిని మోసేది అరచేతిలో ఇమిడిపోతుంది. కరెంటును సెకనుకు 50 సార్లు కాదు, లక్ష సార్ల స్థాయిలో అటూ ఇటూ తిప్పుతారు కాబట్టి ఒక్కో విడతలో మోయాల్సింది చాలా తక్కువ. అన్నిసార్లు స్విచ్ వేసి తీస్తే స్విచ్‌లే వేడెక్కిపోవాలి. ఎల్‌ఎల్‌సీ అనే అమరికలో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ కలిసి కరెంటును లయగా ఊపుతాయి. స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ తన మీది వోల్టేజి దాదాపు సున్నా అయిన క్షణంలోనే ఆన్ అవుతుంది. ఆన్ అయ్యేటప్పుడు నష్టం లేకుండా చేసిన ఈ ఉపాయం ఎంత తెలిసినా కొత్తగానే ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు 12 వోల్టులు, 54 ఆంపియర్లు. ఇక్కడ డయోడ్లు పెడితే ఒక్కో డయోడ్ సుమారు అర వోల్టు మింగుతుంది, అంటే నిండు లోడు మీద 27 వాట్లు వేడికే పోతాయి. అందుకే వాటి స్థానంలో మాస్‌ఫెట్లను సరిగ్గా వేళకు తెరిచి మూస్తారు. నష్టం కొద్ది వాట్లకు దిగుతుంది. 80 ప్లస్ గోల్డ్ ముద్ర వెనక ఉన్నవి ఇలాంటి పొదుపులే. సగం లోడు దగ్గర 230 వోల్టుల మీద 92 శాతం సామర్థ్యం ఉంటే, 350 వాట్లు ఇవ్వడానికి గోడ నుంచి 380 చాలు. 650లో 350 అంటే సగం పైచిలుకే. ఎన్విడియా సలహా ఇక్కడ కూడా కలిసొస్తుంది.

మిగతా సగం ఊరికే పడి ఉండదు. గ్రాఫిక్స్ కార్డు మైక్రోసెకన్ల పాటు మామూలుకన్నా ఎన్నో వాట్లు ఎక్కువ లాగుతుంది. ఏటీఎక్స్ 3.1 ప్రకారం తయారై, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటిచ్చే 12వీ-2ఎక్స్6 కనెక్టర్ ఉన్న 450 వాట్లకు మించిన యూనిట్ తన రేటింగుకు రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్లు భరించాలి. ఆ కనెక్టర్‌లో సమాచారం చేరవేసే చిన్న పిన్నులు పొట్టిగా ఉంటాయి. ప్లగ్ పూర్తిగా దిగకపోతే అవి తగలవు, కార్డు కరెంటు లాగదు. ఇలా పిన్ను పొడవు కాస్త తగ్గించి, సరిగ్గా దిగని ప్లగ్ వేడెక్కి ప్లాస్టిక్ కరిగే ప్రమాదాన్ని తగ్గించారు.

కొనేముందు లేబుల్‌లో 12 వోల్టుల గడి చూడండి. 650 వాట్ల యూనిట్‌కు అక్కడ 54 ఆంపియర్లు ఉండాలి, 40 దగ్గర ఆగితే వదిలేయండి. బిగించేటప్పుడు పాత యూనిట్‌వైన మాడ్యులర్ (ఊడదీయగల) కేబుళ్లను కేసులో ఉంచి సరిపెట్టొద్దు. మదర్‌బోర్డు వైపు ప్లగ్‌కు ప్రమాణం ఉంది కానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరసకు లేదు. ఒకే కంపెనీ మోడళ్లలో కూడా అది మారొచ్చు. ప్లగ్ చక్కగా దూరినా 12 వోల్టులు 5 ఉండాల్సిన చోటికి వెళ్లి ఎస్‌ఎస్‌డీని కాల్చేయగలవు. పాతవన్నీ ఊడదీసి, కొత్త పెట్టెలో వచ్చినవే తగిలించండి.